పగడాల పల్లకి మీది దుమ్ము

బదిలీ ఉత్తర్వు చేతికొచ్చే వేళకి శేషారత్నం ముందు నూట పదేళ్ళనాటి పంచాంగం ఒకటి విప్పి ఉంది. అందులో ఆషాఢ మాసాన్ని పురుగులు పూర్తిగా తినేశాయి. మిగిలిన పదకొండు నెలలనైనా నిలబెడదామని ఆమె వెనకవైపు పల్చటి కాగితం పెట్టి పిండి జిగురుతో అద్దుతోంది. రాజమండ్రిలోని ఆ పాత గ్రంథాలయంలో ముప్ఫై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. చిరిగిన కాగితం కనబడితే, జారిన పమిట సర్దుకున్నంత అలవాటుగా ఆమె చేతులు కదులుతాయి.

ఉత్తర్వులో "చలనచిత్ర ప్రచార కళా వారసత్వ పరిరక్షణ సంస్థ, నిడదవోలు" అని ఉంది.

"ఇదేం సంస్థండీ?" అని లైబ్రేరియన్ని అడిగింది.

"సినిమా వాల్‌పోస్టర్లమ్మా. మూతపడ్డ విశాలాక్షి టాకీసు మేడగదిలో మూడొందల పాత పోస్టర్లు బయటపడ్డాయట. పోస్టర్లు దొరికిన వారానికల్లా సంస్థ పెట్టేశారు. కాగితం కాగితమే కదా, వెళ్ళండి" అన్నాడాయన.

మర్నాటి నుంచి ఆమె ఉదయం పాసింజరులో నిడదవోలు వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం మొదలుపెట్టింది. పోస్టర్లు చూసి మొదటిరోజు సంతోషించిందనే చెప్పాలి. కొబ్బరితాళ్ళతో కట్టిన చుట్టలు గోడ వారగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్క పోస్టరు మాత్రం ప్రొజెక్టరు గది పక్కన గోడకే అంటించి ఉంది. "పగడాల పల్లకి." అరవై ఏడేళ్ళనాటి సినిమా. రీళ్ళు ఎక్కడా మిగల్లేదు. ఆ సినిమా అనేది ఒకటి వచ్చిందనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం ఆ గోడ మీది కాగితమొక్కటే.

సంస్థకు మొదటి ప్రత్యేకాధికారి గజపతిగారు. అంతకు ముందు రోడ్ల శాఖలో ఉండేవారు. గుంత కనబడితే పూడ్చడం ఆయన స్వభావం.

"పాతదనమనేది ఒక లోపమమ్మా. లోప నివారణే మన సంస్థ ధ్యేయం" అన్నారాయన.

"సార్, పైన పడ్డదాన్ని తీసేస్తాం, చిరిగినదాన్ని నిలబెడతాం. అసలు లేకుండా పోయినదాన్ని లేనట్టే వదిలేస్తాం. మా పనిలో పద్ధతి అదండీ" అంది శేషారత్నం.

"లేనట్టే వదిలేస్తే ప్రభుత్వం ఉన్నదెందుకు?"

ఆయన ఒక చుట్ట విప్పించి, అందులోని పోస్టరును ఫ్లెక్సీలు వేసే దుకాణానికి పంపించారు. పునరుద్ధరణ నాలుగు గంటల్లో పూర్తయింది. కొత్త పోస్టరులో కథానాయకుడికి ఆరు పలకల కండలొచ్చాయి. నాయిక ముక్కు సన్నబడింది. వెనకాల ఎడ్లబండి చెరిగిపోయిన చోట ఖాళీ బాగోలేదని దుకాణంవాడు మంచుకొండలు పెట్టాడు. ఆవిష్కరణకి ఆ హాల్లో ముప్ఫయ్యేళ్ళు ప్రొజెక్టరు తిప్పిన ముసలాయన్ని పిలిచి, చూసి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన చాలాసేపు చూసి, "ఈ సినిమా మన హాల్లో ఆడలేదండి" అన్నాడు. అది మూడుసార్లు ఆడిన సినిమా.

పత్రికలు గోల చేశాయి. గజపతిగారికి ప్రమోషనిచ్చి వేరే శాఖకు పంపారు. అనర్థాలన్నిటికీ మూలం మనుషుల చేతులేనని ప్రభుత్వం నిర్ణయానికొచ్చింది.

అలా వచ్చారు డైరెక్టరు నరహరిగారు. మత్స్యశాఖ నుంచి వచ్చారు. మధ్యలో ఆరు రోజులు విదేశంలో శిక్షణ పొందారు. అక్కడ ఒక పాత గోడ ముందు నిలబెట్టి, దీన్ని ఎవరూ ముట్టుకోకపోవడమే దీని గొప్పదనమని చెప్పారట. ఆ ఒక్క మాటా ఆయన మనసుకు పట్టేసింది. పుస్తకాల తెలుగు తప్ప మాట్లాడేవారు కారు. మామూలు తెలుగు మాట్లాడితే పదవికి లోటని ఆయన అభిప్రాయం.

వచ్చిన రోజే సర్క్యులరు తీశారు. "ఈ ప్రాంగణమునందు ఏది ఎచ్చట ఎట్లున్నదో, అది అచ్చట అట్లే యుండవలెను. దీనినే యథాతథ స్థితి యందురు."

సర్క్యులరు వచ్చిన నాటికి మూడో బల్బు మాడిపోయి ఉంది. కాబట్టి అది మాడిపోయే ఉండాలని తేల్చారు. తూర్పు కిటికీ మూసి ఉంది కాబట్టి తెరవడానికి వీల్లేదు. పడమటి కిటికీ తెరిచి ఉంది కాబట్టి వాన జల్లు కొట్టినా మూయడానికి వీల్లేదు. హాలు ఊడ్చే నూకాలు చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"మరి నేనేం చెయ్యాలండి బాబూ?"

"చీపురును ధరించి నిలువవలెను. ఊడ్వరాదు."

"ఊడవకపోతే దుమ్మెక్కువైపోద్ది కదండి."

"నీవు దుమ్మనుచున్నది కాలము. నేటినుండి నీవు ధూళి సంరక్షకురాలవు."

నూకాలుకి ఆ మాట నచ్చింది. నడుంనెప్పి కూడా తగ్గిందంది.

శేషారత్నానికి మాత్రం ఏదీ నచ్చలేదు. మూడోవారంలో ఆమె ఒక చుట్ట విప్పి చూస్తే అడుగున చెదలు బారులు తీరి కనబడ్డాయి. పరుగున వెళ్ళి డైరెక్టరుగారికి చెప్పింది. ఆయన వచ్చి, వంగి, కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా చూశారు.

"ఇవి ఎప్పటినుండి యున్నవి?"

"ఎప్పట్నుంచో ఉన్నట్టున్నాయండీ. మందు కొట్టకపోతే నెల్లో మొత్తం తినేస్తాయి."

"మనకన్న ముందునుండి యున్నవి కదా! ఇచ్చట బాహ్యులము మనమే. వానిని కలతపెట్టుటకు మనకేమి అధికారము?"

మందుకి బదులు రిజిస్టరు వచ్చింది. చెదలు ఎంతవరకు తిన్నాయో ఆమె రోజూ రాయాలి. సోమవారం ప్రతినాయకుడి మోకాళ్ళు. బుధవారం నడుము. శుక్రవారం మెడ. పోస్టరు కింద పెట్టే అట్ట మీద డైరెక్టరుగారు స్వయంగా "కాలకృత సవరణ" అని రాశారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో శేషారత్నం పురుగుల మీద కోపగించుకోలేదు. తిండి వాటి ధర్మం. ఆ శుక్రవారం మాత్రం పాసింజరులో కూర్చుని, ఎవరి మీదో తెలియని కోపంతో రాజమండ్రి వంతెన దాటేదాకా పళ్ళు కొరుకుతూనే ఉంది.

ఆ మరుసటి వారమే ఇందువదనమ్మ వచ్చింది.

ఎనభై ఆరేళ్ళ మనిషి. షేర్ ఆటో దిగి, మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, పై మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది.

"శుక్లాల ఆపరేషనయ్యి నెలైందండి. ఎనిమిదేళ్ళ తరవాత ఇప్పుడు బాగా కనపడతంది. ఇక్కడ పగడాల పల్లకి పోస్టరుందని పేపర్లో రాశారంట, పక్కింటమ్మాయి చదివి చెప్పింది. అందులో ఉన్నానండి నేను."

"మీరాండీ?"

"హీరోయిన్ని కాదులెండి. చెలికత్తెని. పల్లకీ పక్కన నడుస్తా ఉంటాను, ఎడం పక్క కింద. హీరోయిన్ గారికి జొరవొచ్చిన రెండ్రోజులూ ముసుగేసుకుని పల్లకీలో కూడా నేనే కూచున్నాను, ఎవరికీ తెలీదు. అదొక్కటే సినిమా. తరవాత మళ్ళీ నాటకాలకే వొచ్చేశాను. నా ఫొటోలన్నీ ఎనభై ఆరు వరదల్లో ట్రంకుపెట్టితో సహా పోయాయండి. పందొమ్మిదేళ్ళప్పుడు ఎలా ఉండేదాన్నో నాకే గుర్తు లేదు. ఒక్కసారి చూసుకుందారని."

శేషారత్నం ఆమె చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. పల్లకీ కనబడింది. బోయీల కాళ్ళు కనబడ్డాయి. ఎడమవైపు కింద, చెలికత్తె చీర కుచ్చెళ్ళు, గాజుల చెయ్యి స్పష్టంగానే ఉన్నాయి. మెడ పైన మాత్రం ఏమీ లేదు. సరిగ్గా అక్కడే గోడ పగులు లోంచి గాలికి ఏళ్ళ తరబడి కొట్టుకొచ్చిన ఎర్రటి దుమ్ము అట్ట కట్టి ఉంది.

ఇందువదనమ్మ నల్లద్దాలు తీసి, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది.

"ఇదంతా దుమ్మేనాండి? తుడిస్తే పోద్దా?"

"పోతుందండీ. మెత్తటి కుంచె ఉంటే అరగంట పని."

"మరి తుడవరాదేంటమ్మా?"

ఒక ముసలిదానికీ ఆమె మొహానికీ మధ్య ఇంత దుమ్ము తప్ప ఏ అడ్డూ లేదు. కుంచె శేషారత్నం సంచీలోనే ఉంది. సర్క్యులరూ అందులోనే ఉంది.

ఇందువదనమ్మ పేరున అర్జీ రాసి పెట్టింది. డైరెక్టరుగారు దాన్ని తోసిపుచ్చలేదు. విషయం సిద్ధాంతపరంగా జటిలంగా ఉందని సంతోషించి, నిపుణుల కమిటీని పిలిచారు. పోస్టరు ముందే కుర్చీలు వేశారు. కమిటీలో ఒక న్యాయ సలహాదారు, ఒక మట్టి పరీక్షల నిపుణుడు, ఎవరికీ ఎందుకో తెలియని మరొకాయన ఉన్నారు. ఇందువదనమ్మకి ఒక స్టూలు వేశారు.

ముందుగా న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నాడు. "ఈ ముఖము అర్జీదారుదే అనుటకు ఆధారమేమి?"

"నా మొహం నాదేనండి" అంది ఇందువదనమ్మ.

"రెండింటిని పోల్చి చూడవలె నన్నచో అచ్చట ముఖము కనబడుట లేదు."

"అందుకే కదండీ తుడవమంటన్నాను."

"తుడువవలెనన్నచో ముందు మీదే అని నిరూపణ కావలెను."

ఇక్కడ కమిటీ కాఫీ తాగింది. తాగాక డైరెక్టరుగారు అసలు ప్రశ్న లేవదీశారు. "ముఖము ఎవరిదైనను కానిండు. ముఖమునకు అరువదియేడేండ్లు. ధూళికి ఎన్ని యేండ్లు? ధూళి కూడ ప్రాచీనమైనచో, ఒక వారసత్వమును తొలగించి వేరొక వారసత్వమును చూపుట న్యాయమా?"

మట్టి నిపుణుడికి ఉత్సాహం వచ్చింది. "పరీక్ష చేయించవచ్చును. నమూనా కావలెను."

"ఎంత నమూనా?" అన్నారు డైరెక్టరుగారు.

"చిటికెడైన చాలును. అయితే ధూళి పొరలు పొరలుగా నుండును. పై పొర నిన్నటిది, అడుగు పొర నాటిది. సత్యము తెలియవలెనన్నచో సమగ్ర నమూనా సేకరించుట ఉత్తమము."

శేషారత్నం అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకేసింది.

"సార్, సమగ్రం అంటే పై నుంచి అడుగుదాకానాండీ?"

"అవశ్యము."

"దుమ్ము ఎక్కడ మందంగా ఉంటే అక్కడ తియ్యాలాండీ?"

"అదియే శాస్త్రసమ్మతము."

"తీర్మానంలో అలాగే రాయించండి సార్."

రాశారు. సంతకాలు పెట్టారు. ఆ కాగితం తడి ఆరకముందే శేషారత్నం కుంచె తీసింది.

పొడి కుంచెతో, పైనుంచి కిందికి, ఈక తగిలినంత తేలిగ్గా దువ్వింది. కింద నూకాలు కాగితం పట్టుకుని నిలబడింది, రాలింది రాలినట్టు అందులో పడేలా. ముందు నుదురు బయటపడింది. తరవాత ఒక కన్ను. కమిటీవాళ్ళు మొదట నమూనా కేసి చూశారు. కాసేపటికి ఎవరూ నమూనా కేసి చూడ్డం లేదు. అట్ట కట్టిన చోట పొడి స్పాంజితో అద్ది తీసింది. రెండో కన్ను, ముక్కుపుడక, పై పెదవి మీద నవ్వు. గడ్డం కింద కొంచెం కాగితం ఏనాడో చిరిగిపోయి ఉంది. దాన్ని ఆమె ముట్టుకోలేదు.

ఇందువదనమ్మ స్టూలు మీంచి లేచి వచ్చింది. పోస్టరులోని పిల్ల పల్లకీ కేసి కాక, ఎదురుగా ఉన్నవాళ్ళ కేసి చూస్తోంది, నడుస్తూ నడుస్తూ ఎవరో పిలిస్తే తిరిగినట్టు.

"అబ్బో, ఎంత టెక్కో దీనికి!" అంది ఇందువదనమ్మ. "ఆ జూకాలు మా అమ్మవేనండి. ఇవ్వనంటే ఏడ్చి తెచ్చుకున్నాను." వేలు చాపి, తాకకుండా గాల్లోనే ఆపేసింది. "పాపం, ఏవమ్మా, ఈ పిల్లకి ఇంకా ఏవీ తెలీదు కదా."

శేషారత్నం కుంచె తుడుచుకుంటున్నట్టు మొహం తిప్పుకుంది.

నమూనా పరీక్షకెళ్ళింది. పొట్లంలోని దుమ్ముకి యాభై ఏళ్ళు పైబడ్డాయని, అందులో రోడ్డు మట్టి, బియ్యం మిల్లు ఊక, బీడీ బూడిద, కొద్దిగా మైదా ఉన్నాయని నివేదిక వచ్చింది. డైరెక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివి బాధపడ్డారు. అర్ధ శతాబ్దపు ధూళిని పొరపాటున పెళ్ళగించామన్న బాధ. వెంటనే ఉత్తర్వు జారీ చేశారు. "సదరు వారసత్వ ధూళిని యథాస్థానమునందు పునఃప్రతిష్ఠింపవలెను."

శేషారత్నం ఉత్తర్వు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, మళ్ళీ ఆవిడ మొహం మీద దుమ్ము పొయ్యమంటారా?"

"పోయుట కాదు. పునరుద్ధరించుట."

"మీరు పునరుద్ధరణకి వ్యతిరేకం కదండీ."

"పోస్టరు పునరుద్ధరణకు వ్యతిరేకిని. ధూళి పునరుద్ధరణ వేరు."

బయట నూకాలు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఇందువదనమ్మ వరసగా మూడోరోజు కూడా వచ్చి గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చుందని శేషారత్నానికి తెలుసు. ముప్ఫై రెండేళ్ళలో పై అధికారికి ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ ఎదురు చెప్పదల్చుకోలేదు. ఆయన దారినే ఇంకొంచెం ముందుకి నడిస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది.

"నాదొక సందేహం సార్. నివేదికలో రోడ్డు మట్టి అన్నారు కదండీ. అంటే అది రోడ్డు మీద ఉండేది. గాలొచ్చి దాన్ని అక్కణ్ణుంచి లేపి పోస్టరు మీద వేసింది. ఆ వెయ్యడమే మొదటి తప్పు కదండీ. మరి దుమ్ముకి అసలు యథాస్థానం గోడా, రోడ్డా?"

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. ఆయన మొహంలో నెమ్మదిగా వెలుగొచ్చింది. తన సిద్ధాంతం తనకన్నా ముందుకు వెళ్ళడం చూస్తే ఎవరికైనా ముచ్చటే కదా.

"ఆహా! గాలియే ప్రథమ అపరాధి! ఇంత కాలము ధూళి ప్రవాసమునం దున్నది!"

పది రోజుల్లో "వారసత్వ ధూళి స్వస్థాన ప్రవేశ మహోత్సవం" ఏర్పాటైంది. టాకీసు ముందు రోడ్డు పక్కన షామియానా వేశారు. ఉదయం పదింటికి ముహూర్తం. ఇందువదనమ్మని "ముఖదాత్రి" అన్న హోదాలో ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. డైరెక్టరుగారు తెల్లటి లాల్చీ వేసుకుని, వెండి పళ్ళెంలో దుమ్ము పొట్లం పట్టుకుని మైకు ముందుకొచ్చారు.

"ఈ ధూళి నేడు తన జన్మభూమిని చేరుచున్నది. ఇది ఏ చోట వాలునో అదియే దానికి శాశ్వత స్థానము. అచ్చటి నుండి దీనిని తొలగించుటకు ఇకపై ఎవ్వరికిని, నాకు సైతము, అధికారము లేదని ఇందుమూలముగా ప్రకటించుచున్నాను."

చప్పట్లు కొట్టారు. ఆయన రోడ్డు అంచుకి నడిచి, పొట్లం విప్పి, రెండు చేతులా పైకెత్తి గాల్లోకి వదిలారు. సరిగ్గా అప్పుడే కొవ్వూరు బస్సు ఒకటి, స్టాపులో ఎవరూ లేరు గనక ఆగకుండా, ఆయన పక్కనుంచి దూసుకుపోయింది.

దుమ్ము రోడ్డు మీద పడలేదు. యాభై ఏళ్ళ ధూళి ఒక్క రవ్వ కూడా వృథా కాకుండా డైరెక్టరుగారి మొహం మీద వాలింది. కనుబొమ్మలు, మీసాలు, పెదవులు అన్నీ ఒకే ఎరుపయ్యాయి. ఆయన జేబు రుమాలు కోసం చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. తాను చదివిన ప్రకటన ఇంకా మైకులో మోగుతున్నట్టే ఉంది. కమిటీవాళ్ళు న్యాయ సలహాదారు కేసి చూశారు. న్యాయ సలహాదారు తన బూట్ల కేసి చూసుకున్నాడు. ఫొటోగ్రాఫరు మాత్రం తన పని చేసుకుపోయాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వవచ్చా లేదా అన్నది నిబంధనల్లో లేదు.

డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తుమ్మొస్తోందని, దాన్ని పళ్ళబిగువున ఆపుకుంటున్నారని అందరికీ తెలుస్తూనే ఉంది.

ముందు వరసలోంచి ఇందువదనమ్మ లేచింది. శేషారత్నం చెయ్యి అందిస్తే పట్టుకుని, నెమ్మదిగా ఆయన ముందుకొచ్చి నిలబడింది. శాలువా కొస చేతికిచ్చింది.

"తుడుచుకో నాయనా" అంది. "పర్లేదు. దాని కింద మొహం ఉంటది కదా."

ఆయన ఆ కొస పట్టుకుని మొహం తుడుచుకున్నారు. ఒకసారి తుడుచుకున్నాక ఆగలేక మళ్ళీ తుడుచుకున్నారు. తరవాత తుమ్మారు, వరసగా నాలుగుసార్లు. కళ్ళు తెరిచేసరికి మనిషి పదేళ్ళు చిన్నగా కనబడ్డారు. అలా నిలబడే తల తిప్పి, తలుపుల్లోంచి హాల్లోని చీకటి కేసి చూశారు.

"శేషారత్నం గారూ," అన్నారు, "పైన ఆ చెదలు ఎంతవరకూ తిన్నాయండీ?"

"నలభై పోస్టర్లు పోయాయండీ. ఇప్పుడు మందు కొడితే మిగతావి దక్కుతాయి. దుమ్ము దులిపి, చిరుగులు వెనకనుంచి అంటించి, పోయింది పోయినట్టే ఉంచుతాను. మీరు ఊఁ అంటే ఇవాళే మొదలెడతాను."

ఆయన శాలువా మీది ఎర్రటి మరక కేసి కాసేపు చూశారు.

"ఊఁ" అన్నారు.

ఆ సంస్థ పుట్టిన దగ్గర్నుంచి జారీ అయిన ఉత్తర్వులన్నిటిలోకీ చిన్నది అదే.